మొప్పలు లేని తాషిన్

"డిస్‌ప్లే వద్దన్నా. స్పీకర్ చెయ్యి, చాలు."

చక్రధర్ తలెత్తి చూశాడు. కౌంటర్ మీద పెట్టిన ఫోను సగం నల్లబడిపోయి ఉంది. మిగిలిన సగంలో అడ్డంగా పచ్చ గీతలు. ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట మొబైల్ రిపేరు దుకాణం పెట్టినప్పటి నుంచి, పగిలిన అద్దం తొందరగా మార్చమని బతిమాలినవాళ్ళనే చూశాడు. వద్దన్నవాళ్ళు లేరు.

"స్క్రీన్ మీద ఏం కనిపిస్తలేదు గదా."

"ఫోన్ ఎత్తేటంత కనిపిస్తున్నది."

"మరి స్పీకర్‌కేమైంది?"

"గొంతు పూడింది," అంది ఆ అమ్మాయి. పేరడిగితే అనిల అంది. పక్క ఊరే.

విప్పి చూస్తే స్పీకర్ జాలీ నిండా గోధుమరంగు పొడి. వాసన చూడకుండానే తెలిసింది, తంబాకు.

"ఇంట్ల ఎవరన్న బీడీలు చేస్తరా?"

"నేను చేస్త. మా అవ్వ గూడ చేస్తది."

పాత టూత్‌బ్రష్‌తో పొడి దులిపి, మాట వస్తుందో లేదో చూద్దామని ఫోనులో చివరగా ఆడిందేదో దాన్నే నొక్కాడు. బరువైన మగగొంతు ఒకటి నెమ్మదిగా పలికింది. "ఒడ్డు కనిపించడం లేదని ఓడ ఆపేస్తామా, తల్లీ?"

చక్రధర్ ముఖం చేదు మందు మింగినట్టయింది. "దూరపు ఒడ్డా?"

తెలుగులోకి డబ్బింగ్ అయిన అంతరిక్షం సినిమాల్లో ఆ ఊళ్ళ కుర్రకారును రెండు ముక్కలు చేసినవి రెండే. ఒకటి 'గగన దళం'. ఓడలు, సైన్యాలు, పేలుళ్ళు. రెండోది 'దూరపు ఒడ్డు'. అందులో ఒక్కటే ఓడ, అది ఏళ్ళ తరబడి పోతూనే ఉంటుంది. దాన్ని నడిపేవాడి పేరు తాషిన్. చక్రధర్ గగన దళం మనిషి. దాని పేరు మీద ఇన్‌స్టాలో పేజీ నడుపుతాడు. దుకాణం గోడ మీద దాని పోస్టరే ఉంటుంది.

అనిల ఆ పోస్టరు చూసింది. "నువ్వు దళమా అన్నా?"

"ఏం, తప్పా?"

"తప్పేం గాదు. ధడ్ ధడ్ తప్ప ఏముండదు అందుల. ఎవరు సచ్చిన్రో ఎవరు గెల్చిన్రో మ్యూజిక్ ఆగితె గాని తెల్వది."

"కండ్లు పెట్టి చూస్తె తెలుస్తది."

ఆమె కొద్దిగా నవ్వింది.

"మీ ఒడ్డుల ఏమున్నది మరి?" అన్నాడు, వదలకుండా. "ఓడల కూసోని ముచ్చట్లు. ఎన్ని భాగాలొచ్చినా ఒక్క లేజర్ పేలలె."

"ముచ్చట పెట్టెటోళ్ళుంటె లేజర్ ఎందుకన్నా," అని ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మాటకు ఏం సమాధానం చెప్పాలో చక్రధర్‌కు తెల్లారి స్నానం చేస్తుంటే తట్టింది. అప్పటికి చెప్పడానికి ఆమె లేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ స్పీకర్ పూడింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కొట్లాట. జాలీ మీద సన్నటి పొర ఒకటి అంటిస్తే పొడి లోపలికి పోదు. ఆ సంగతి అతనికి తెలుసు. అంటించలేదు.

నంబరు ఇచ్చిపుచ్చుకున్నాక కొట్లాట ఫోనులోకి పాకింది. అతను రాసి పంపేవాడు. ఆమె వాయిస్ పంపేది. వెనక కత్తెరతో బీడీ ఆకు కోస్తున్న చప్పుడు వినిపించేది. "మీ సేనాపతి ఎప్పుడు జూడు అరుస్తనే ఉంటడు. ఇంట్ల గూడ గట్లనే అరుస్తడా ఏంది?" చక్రధర్ ఆ వాయిస్‌లను గిరాకీ లేనప్పుడు మళ్ళీ మళ్ళీ వినేవాడు, తప్పులు పట్టడానికని తనకు తాను చెప్పుకుంటూ.

"ఆ అమ్మాయి నిన్ను అన్న అనుడు బంద్ చేసింది, చూసినవా?" అన్నాడొకరోజు దేవేందర్. చక్రధర్ స్నేహితుడు. పక్క చెప్పుల దుకాణం.

"చూసిన. కోపమొచ్చినట్టున్నది. తాషిన్‌ను ముసలోడన్న గదా, మర్యాద తగ్గించింది."

దేవేందర్ లేచి నిలబడ్డాడు. "నీకు ఫోన్లే బాగయితయిరా," అని తన దుకాణంలోకి పోయాడు.

ఇంకో సాయంత్రం ముగ్గురూ ఉన్నారు. చక్రధర్ రెండు చేతుల్లో పనిముట్లతో, నుదుటి మీద పడ్డ జుట్టును మణికట్టుతో వెనక్కి తోసుకుంటూ ఎవరిదో ఫోను విప్పుతున్నాడు. మాటల్లో అనిల అంది. "తాషిన్ ఒక్కోసారి మాట మధ్యల ఆగుతడు గదా. అప్పుడు జుట్టు ఎనకకు తోసుకుంటడు. అట్ల తోసుకున్నప్పుడు అబద్ధం చెప్తుండని నాకు తెలుస్తది."

దేవేందర్ టీ కప్పు దించాడు. "జుట్టెక్కడిది? తాషిన్ మనిషే గాదు. బూడిద రంగు తోలు, గుండు, మెడకు చేప లెక్క మొప్పలు."

అనిల చక్రధర్ వైపు తిరిగింది. "నిజమేనా?"

అతను తలూపాడు. "నువ్వు... చూడలేదా?"

"ఎప్పుడు చూడాలె? కండ్లు ఆకు మీద ఉంటయి, చేతులు దారం మీద ఉంటయి. ఖాలీగ ఉండేటివి చెవులే."

దేవేందర్ పడీపడీ నవ్వాడు. చక్రధర్ నవ్వలేదు. కౌంటర్ కింద దేవేందర్ కాలు తొక్కాడు కూడా. తాను నవ్వనందుకు అతనికి చాలా రోజులు లోలోపల గర్వంగా ఉండింది.

నవ్వలేదు గాని జాలిపడ్డాడు. అన్ని భాగాలూ చూడకుండానే విన్నదా. ఆ ఓడ మీద వెలుగు పడే సీను చూడలేదా. ఈసారి స్పీకర్ కోసం ఫోను ఇచ్చిపోయినప్పుడు, అడగకుండానే కొత్త డిస్‌ప్లే వేశాడు.

"వద్దన్న గదా," అంది అనిల, వెలుగుతున్న ఫోనును చేతిలో తిప్పి చూస్తూ.

"ఊరికెనే. నా తరఫున."

"ఊరికె అయితె మాత్రం, అడగొద్దా?"

"కామారెడ్డిల మీ ఒడ్డు ఆఖరి భాగం పడ్డది," అన్నాడు అతను ఉత్సాహంగా. "నీ డిగ్రీ పరీక్షలు అక్కడనే గదా. ఆఖరి పరీక్ష అయినంక మ్యాట్నీకి పోదాం. ఒక్కసారి పెద్ద తెర మీద చూడు, అప్పుడు చెప్పు ఏది గొప్పదో."

"చూడకుంటె ఏమైతది?"

"చూడకుండ కొట్లాడుడు అన్యాయం."

ఆమె ఫోను సంచిలో వేసుకుంది. "అవ్వకు చెప్పే వస్త," అంది.

వాళ్ళ అమ్మ భూదవ్వ అడ్డు చెప్పలేదు. ఆ ఫోన్ల పిల్లగాడేనా, అన్న తీర్గ ఉంటడు, పోయి రా అందట. ఈ మాట అనిల చెప్పినప్పుడు చక్రధర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

థియేటరులో సగం కుర్చీలు ఖాళీ. తెర మీదికి తాషిన్ వచ్చాడు. బూడిద రంగు ముఖం. అనిలకు అలవాటైన గొంతు. మాటమాటకూ మెడ పక్కన మొప్పలు తెరుచుకుని మూసుకుంటున్నాయి. అనిల కుర్చీ చేతిని పట్టుకుంది.

చక్రధర్ చెవిలో చెబుతూనే ఉన్నాడు. "అగో, ఓడ చూడు. నువ్వు నల్లగ ఉంటదనుకుంటివి గదా. ఎర్రగ లేదా? కిటికీలు చూడు, ఎన్నున్నయో."

ఒకచోట తాషిన్ ఎవరికో వీడ్కోలు చెబుతున్నాడు. అనిల కళ్ళు మూసుకుంది. చక్రధర్ మోచేత్తో పొడిచాడు. "నిద్ర పోతున్నవా? ఇదే అసలు సీను. చూడు."

ఆమె కళ్ళు తెరిచి చూసింది. చివరిదాకా చూసింది.

బయటికొచ్చేసరికి చినుకులు. ఎల్లారెడ్డి బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అద్దం సరిగా పడక జల్లు భుజం మీద కొడుతున్నా జరగలేదు. జరిగితే తన భుజం ఆమెకు తగులుతుందని జంకుతోంది కాబోలు అనుకుని చక్రధర్ తనే ఇవతలికి జరిగాడు.

తాడ్వాయి దగ్గరపడుతుండగా ఆమె అంది. "ఐతారం పిట్లం నుంచి నన్ను చూసెటందుకు వస్తున్నరు."

చెప్పవలసిన మాట ఏదో చక్రధర్‌కు తెలుసు. కానీ ఆమె తన మీద కోపంతో అన్న అనడం మానేసిందని గదా అతని లెక్క. చెప్పాక ఆమె కాదంటే, ఈ కొట్లాట కూడా మిగలదు. ఆ వాయిస్‌లు రావు. ఆ భయంతో, "మంచి సంబంధమేనా?" అన్నాడు.

"ఎరువుల దుకాణమట."

"ఊ."

ఆమె ఇంకేమైనా అంటాడేమోనని అతని వైపే చూస్తోంది. బస్సు తాడ్వాయిలో ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. బస్సు కదిలింది.

"అయినా ఒక్కటి చెప్తున్న," అన్నాడు. "ఆఖరి యుద్ధం మాత్రం మీ ఒడ్డోళ్ళకు తియ్యరాలె. మా దళం మూడో భాగంల ఉంటది చూడు, అది యుద్ధమంటె."

ఇక ఆగలేదు. మూడో భాగం అయ్యాక నాలుగో భాగం, సేనాపతి ఓడ, శత్రువుల కోట. ఆమె మధ్యమధ్య "ఊ" అంటూనే ఉంది. లింగంపేట పోయింది. వాన పెరిగి తగ్గింది. ఎల్లారెడ్డిలో దిగాక ఆమె చున్నీ తల మీదికి లాక్కుని అంది.

"నువ్వు మంచిగ మాట్లాడుతవు, చక్రధర్."

మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. అతను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

ఆ తర్వాత స్పీకర్ పూడలేదు. వాయిస్‌లు రాలేదు. ఏదో ఒకటి రాద్దామని గగన దళం కొత్త బొమ్మ ఒకటి పంపాడు. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి, అంతే.

ఒకరోజు ఆ ఫోను పట్టుకుని భూదవ్వే వచ్చింది.

"ఫోన్ల జాగ లేదట బిడ్డా. ఆ ఓడల కథలన్ని తీసెయ్యిమన్నది పిల్ల."

"అన్నిటినా అవ్వా?"

"అన్నిటిని. ఇప్పుడు వింటలేదు. ఉత్తగనే కూసోని బీడీలు చేస్తది." కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గించింది. "పిట్లం సంబంధం ఖాయమైంది. మగదిక్కు లేని ఇల్లు మాది. నువ్వే అన్న తీర్గ ముందట నిలవడాలె."

చక్రధర్ ఒక్కొక్క భాగాన్నీ తన చేతులతోనే తీసేశాడు.

స్పేర్‌పార్ట్‌ల కోసం కామారెడ్డి పోయినప్పుడు, బస్టాండులో అనిల కనిపించింది. పక్కన బెంచీ మీద పెళ్ళిబట్టల సంచులు. భూదవ్వ బస్సెప్పుడో కనుక్కోవడానికి పోయింది. చక్రధర్ ఎదురుగా నిలబడ్డాడు.

"నా మీద కోపమొచ్చిందా?"

"కోపమెందుకు?"

"మరి అన్ని తీసెయ్యిమన్నవట."

"చూసినంక వినబుద్ధి అయితలేదు," అంది నెమ్మదిగా. "ఆ గొంతు ఎత్తుకోంగనే మొప్పలు కండ్ల ముందటికొస్తున్నయి. నాకున్న మనిషి పోయిండు."

అతనికి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమెతో కొట్లాడే అవకాశం దొరికింది. "నీకున్న తాషిన్ ఎట్ల ఉండెనేంది?"

అనిల వచ్చిపోయే బస్సుల వైపు చూసింది.

"నీ లెక్క ఉండె."

ఎవరో కండక్టరు బాన్సువాడ, బాన్సువాడ అని పిలుస్తున్నాడు. చక్రధర్‌కు అది దూరంగా వినిపించింది.

"ముందు నుంచా?"

"ముందుగాల ముఖమే లేకుండె. నీ దుకాణానికొచ్చినంక పెట్టుకున్న."

"మరి నాకొక్క మాట చెప్పొద్దా అనిలా?"

"చెప్పిన గదా. ఐతారం వస్తున్నరని. ఆడపిల్ల అంతకన్న ఏం చెప్తది?" ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉంటే బాగుండుననిపించింది అతనికి. "నువ్వేమో యుద్ధం చెప్పినవు."

చక్రధర్ సంచుల పక్కన బెంచీ అంచున కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్త."

"ఇప్పుడెందుకు? బట్టలు గూడ తెచ్చుకున్నం. అటు దిక్కు వాళ్ళు పెండ్లి పత్రికలు పంచుతున్నరు."

అంది గాని, లేచి పోలేదు. కాసేపటికి కళ్ళు మూసుకుంది. థియేటరులోలాగే మూసుకుంది. ఈసారి అతను మోచేత్తో పొడవలేదు.

"నువ్వంటె నాకిష్టం అనిలా," అన్నాడు. "మస్తు ఇష్టం."

ఆమె కళ్ళు తెరవలేదు. "ఇంకొకసారి చెప్పు."

చెప్పాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా చెప్పాడు. ఆమె తల కొంచెం పక్కకు వాల్చి, బస్టాండు రొదలోంచి ఆ ఒక్క మాటనే ఏరుకుంటున్నట్టు విన్నది.

తర్వాత కళ్ళు తెరిచి అతని ముఖాన్ని చూసింది. "గింతనే గదా," అంది. "ఆ రోజు బస్సుల లింగంపేట దాకా గూడ పట్టకపోవు."

"బస్సొచ్చింది, బిరాన లే," అంటూ భూదవ్వ వచ్చింది. చక్రధర్‌ను చూసి ఆమె ముఖం విప్పారింది. "సమయానికి దొరికినవు బిడ్డా. ఈ సంచులు జర ఎక్కియ్యి."

అతను సంచులు ఎక్కించాడు. అనిల ముందే ఎక్కి, అటు పక్క సీటులో కూర్చుంది. ఇటు నుంచి ఆమె చున్నీ అంచు మాత్రమే కనిపిస్తోంది.

మెట్టు మీద నిలబడి భూదవ్వ వెనక్కి తిరిగింది. "పెండ్లికి ముందురోజే రావాలె. అన్న తీర్గ ఉన్న నువ్వే లేకుంటె ఎట్ల?"

"వస్త అవ్వా," అన్నాడు చక్రధర్.

ఆ మాట వెంటనే వచ్చింది, తాషిన్ మాటలా మధ్యలో ఎక్కడా ఆగలేదు.