గాలితెర

2088 వేసవి. గుంటూరులోని ఆ కాలనీలో ప్రతి డాబా చుట్టూ కంటికి కనపడని గాలితెర గుయ్యిమంటోంది. ఆ రొదకు వకుళ ఒకచోట కూర్చోలేకపోతోంది. ఆ తెరను కనిపెట్టింది ఆమే.

అంతకు కొన్నేళ్ల ముందు కాలనీవాళ్లు డాబాల మీద నాటు విత్తనాలు వేశారు. బీర, ఆనప, దోస. ఈ ఎండకు అలవాటుపడ్డ పాదులు కాబట్టి కాసిని నీళ్లకే అల్లుకుపోయాయి. మందులు కొట్టే పని లేకపోయేసరికి తేనెటీగలొచ్చాయి. ఆకులు వదిలే తేమకు వీధి వీధంతా చల్లబడింది. అప్పుడు మొదలైంది గొణుగుడు: మా పాదుల చల్లదనం ఒక్క మొక్కా వేయని పక్కింటికెందుకు పోవాలి?

వకుళ గాలితెర చేసిచ్చింది. పిట్టగోడ పొడవునా అమర్చిన ఎయిర్ జెట్లు పైకి చిమ్మే గాలి, గోడలా నిలబడి చల్లదనాన్ని డాబా దాటనివ్వదు.

ఈ ఏడాది వీధి మళ్లీ పెనంలా కాలుతోంది. బీరపూలు పూసినవి పూసినట్టే రాలిపోతున్నాయి. తెర దాటి ఒక్క తేనెటీగా లోపలికి రాలేకపోతోంది.

వకుళ కాలనీ ప్రెసిడెంటు శేషగిరి ఇంటికి పరుగున వెళ్లింది.

"తెరలన్నీ ఆపించండి సార్. ఇలాగే ఉంటే కాయ కాయదు సరికదా, వచ్చే ఏటికి విత్తనం కూడా మిగలదు."

"ఆపితే ఎండ కొట్టదుటండీ? అందరూ ఆపితే నేనూ ఆపుతాలెండి."

"అందరూ ఈ మాటే అంటున్నారు."

శేషగిరి కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి మొహం వెలిగింది. "అమ్మా, మీరు తల్చుకుంటే కానిదేముంది? ఒక యంత్రపు తేనెటీగను చేసిపెట్టండి. ఒక్కటే చూసుకోండి, అది పక్కింటి పూల మీద వాలకూడదు."

వకుళ విసవిసా ఇంటికొచ్చి డాబా ఎక్కింది. ముందు తనది ఆపేయాలి. స్విచ్చి మీద చెయ్యి వేసింది.

బయట వడగాలి. లోపల బీరాకులు పచ్చగా, తడితడిగా ఉన్నాయి. తెర చాటున పెరిగి ఎండ మరిచిన పాదులు, తనొక్కతే ఆపితే సాయంత్రానికి అన్నీ మాడిపోతాయి. ఎదుటి డాబాలకేసి చూసింది. అన్ని తెరలూ గుయ్యిమంటూనే ఉన్నాయి.

ఒక్కరు ఆపినా చాలు, ఆ వెంటనే తనూ ఆపేస్తుంది.

స్విచ్చి మీది చెయ్యి అక్కడే ఉండిపోయింది.