నేలలోకి పోయిన మాట

అచ్చాయమ్మ మెట్లెక్కి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా బురదోడుతున్నాయి. గుమ్మంలోనే కూలబడిపోయి, "అన్నయ్యగారూ, మావారిని ఠాణాలో పెట్టేరండి" అంది.

ధనరాజు మంచినీళ్ళ చెంబు అందించి, గురువుగారి వంక చూశాడు. కొండలరావు పూర్వం రాజమహేంద్రవరంలో పోలీసు అమీనుగా చేసి, పై అధికారి రాయించిన అబద్ధం మీద సంతకం పెట్టనని ఉద్యోగం వదులుకున్నవాడు. ఇప్పుడు కొత్తపేట చుట్టుపట్ల ఏ అపరాధం జరిగినా జనం ఠాణాకన్నా ముందు ఆయన గుమ్మం తొక్కుతారు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోవడం తన పూర్వజన్మ సుకృతమని ధనరాజు నమ్మకం.

కుంఫిణీ పాలన పోయి రాణీగారి పాలన వచ్చిన కొత్తలు అవి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి పొంగితే ఆ కబురు తీగె మీద క్షణాల్లో కొత్తపేట చేరే ఏర్పాటు కిందటేడే జరిగింది. ఆ కబురు అందుకునే తంతి గుమాస్తా నారాయణమూర్తి, అచ్చాయమ్మ భర్త.

"మొన్నట్నించీ అట్నించి ఒక్క మాట రావట్లేదండి. ఈయన కొట్టిన మాటా అటు చేరట్లేదండి. మిషను పాడుచేసి కూర్చున్నాడని లంక ఆసామి బంగారరాజుగారు తాసీల్దారుగారికి చెప్పేరండి. ఏరు చూస్తే ఎర్రబడిపోయింది. ఏటి నడుమ లంకలో కూలీలు పిల్లాపాపల్తో ఉన్నారు. వాళ్ళకేమన్నా అయితే ఈయన ప్రాణాలు దక్కవండి."

"మాట పోవడం మొదలయ్యేక, మీట నొక్కితే మిషను మీది ముల్లు కదిలేదామ్మా? మీవారేమన్నా అన్నారా?"

"అన్నారండి. మామూలుకన్నా గట్టిగా కొట్టుకుంటోంది, అదే అంతుబట్టట్లేదన్నారు."

కొండలరావు లేచి ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు. "ఆ మిషను గుట్టు నాకు మీవారే చూపించేరు. ఇంకెవరికన్నా చూపించేరా?"

"లైను చూసే మత్తయికి ఎలాగూ తెలుసండి. బంగారరాజుగారు కూడా సరదాపడి వారం పాటు వచ్చి అన్నీ అడిగి తెలుసుకున్నారు."

తంతి ఆఫీసులో మత్తయి ఒక్కడే ఉన్నాడు. రెండు రోజులుగా వానలో తీగె వెంట తిరిగి తిరిగి అతని పాదాలు పాసిపోయాయి.

"తీగె ఎక్కడా తెగలేదండి. నా కళ్ళతో చూసేనండి. తాసీల్దారుగారు నన్నూ అనుమానిస్తన్నారు."

కొండలరావు ముందు లైను తీగెను మిషనునుంచి ఊడదీసి, ఆ చోట చిన్న తీగెముక్క తగిలించి మీట నొక్కాడు. ముల్లు చక్కగా కదిలింది. మిషనుకీ, విద్యుత్తు పుట్టించే జాడీలకీ రోగం లేదన్నమాట. మళ్ళీ లైను తగిలించి నొక్కాడు. ఈసారీ ముల్లు అంచుదాకా వెళ్ళి కొట్టుకుంది.

"తీగె తెగితే ముల్లు కదలకూడదు ధనరాజూ. కదిలిందంటే మన మాట ఎక్కడికో పోతోంది. గట్టిగా కదిలిందంటే దగ్గర్లోనే పోతోంది."

"ఎక్కడికండి?"

"నేలలోకి. దారిలో ఎవరో తీగెని నేలకి కలిపేరు."

పరీక్ష ఎలాగో చెప్పి ఆయన మత్తయిని పంపించాడు. మత్తయి ఒక స్తంభమెక్కి తీగె విప్పి గుడ్డ ఊపుతాడు. ఇక్కడ ధనరాజు మీట నొక్కాలి. విప్పినా ముల్లు కదిలితే తప్పు ఆ స్తంభానికి ఇవతల, కదలకపోతే అవతల. కాలవ దగ్గర విప్పితే ముల్లు చచ్చినట్టు పడివుంది. మత్తయి తీగె మళ్ళీ బిగించి ముందుకెళ్ళి, కొబ్బరితోట దాటాక విప్పాడు. గుడ్డ ఊపు మనిషినించి మనిషికి చేరి ఆఫీసుకి వచ్చింది. ధనరాజు నొక్కాడు. ముల్లు ఎగిరింది.

"తోటలో ఉందండి" అన్నాడు.

తోట బంగారరాజుది. చుట్టూ ముళ్ళకంచె, గేటుకి తాళం. కబురంపితే ఆయనే గొడుగేయించుకుని వచ్చి, మొలతాడుకున్న తాళంచెవి తీశాడు. లంకలో పెద్ద భూస్వామి. ఏరు కోసెయ్యకుండా లంక చుట్టూ ఆయన వేయిస్తున్న గట్టు పనికే కూలీలంతా అక్కడున్నారు.

"లోపల చూసేదేముందండి కొండలరావుగారూ. తాళం తీసి నెల దాటింది. చెవి నా మొల వదల్దు" అన్నాడు.

లోపల మూడు స్తంభాలున్నాయి. రెండు వానకి పాలిపోయి ఉన్నాయి. మూడోదానికి కిందినుంచి పైదాకా తారు పూసివుంది. కొండలరావు వేలితో తాకితే తారు జిగురుగా అంటుకుంది. చాకుతో గీకాడు. తారు కింద వెంట్రుకంత రాగితీగె, పైన లైనునుంచి దిగి తడి నేలలోకి పోతోంది.

మత్తయి స్తంభమెక్కి దాన్ని తుంచేశాడు.

తాసీల్దారు తంతి ఆఫీసుకి రాగానే కొండలరావు అడిగింది ఒక్కటే, నారాయణమూర్తిని తక్షణం తెప్పించమని. గడ్డం మాసిన గుమాస్తా కుర్చీలో కూర్చోకుండానే మీట పట్టుకున్నాడు. ముల్లు అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. అతను దాన్ని చూస్తూ పైకి చదివాడు.

"పొద్దుటే ఆనకట్ట మీద నీళ్ళు దూకేయటండి. ఎన్నిసార్లు చెప్పినా జవాబు లేదేమని అడుగుతన్నారు. లంకలు ఖాళీ చెయ్యమంటన్నారు."

తాసీల్దారు రేవులో ఉన్న పడవలన్నీ లంకకి తోలించాడు. ఊరంతా ఏటిగట్టు మీదే నిలబడింది. ఏట్లో కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. పడవలు తిరిగి వచ్చేదాకా చేసేదేమీ లేదు. తాసీల్దారు, "ఎవరి పనో చెప్పండి" అన్నాడు.

కొండలరావు చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు. "తీగెని నేలకి కలిపితే మాట చస్తుందని తెలిసినవాళ్ళం ఈ ఊళ్ళో నలుగురం. నేను, గుమాస్తాగారు, మత్తయి, బంగారరాజుగారు. గుమాస్తాగారు ఆఫీసు వదిలి కదల్లేదు, ముల్లు గట్టిగా కొట్టుకుంటోందని ఇంట్లో దాచకుండా చెప్పేరు. తప్పు చేసినవాడు ఆ గుర్తు బయటపెట్టడు. మత్తయీ, తోటలోకి వెళ్ళేవా?"

"రెండుసార్లు తాళంచెవి అడిగేనండి. లోపల తీగె బానే ఉంది, బయట్నించే కనపడతంది కదా అన్నారండి రాజుగారు."

"తారు మొన్నటిది. ఈ ముసురుకి ఇంకా ఆరలేదు. తాళంచెవి తన మొల వదల్దని రాజుగారే చెప్పేరు. అయినా నెల్నించి తాళం తియ్యలేదన్నారు." కొండలరావు గొంతు తగ్గించాడు. "కిందటేడు వరద కబురొస్తే కూలీలు గట్టు సగంలో వదిలేసి వచ్చేశారు. ఆ వరద చిన్నదే. కానీ సగం గట్టు కొట్టుకుపోయింది. ఈసారి గట్టు పూర్తయ్యేదాకా కబురు రాకూడదనుకున్నారు. అంతేనాండి బంగారరాజుగారూ?"

బంగారరాజు ఏటికేసి చూస్తున్నాడు. "రెండ్రోజుల పనండి" అన్నాడు చివరికి. "రెండ్రోజులాగితే గట్టు నిలిచేది. అందరి భూమీ నిలిచేది. ఇంత నీరొస్తుందనుకోలేదండి."

గుమాస్తాని తీసుకొచ్చిన ఠాణా అమీను అతని పక్కకి వచ్చి నిలబడ్డాడు. అంతలో పడవలు కనిపించాయి. జనం నీళ్ళలోకి దిగి పిల్లల్ని అందుకున్నారు. ఆఖరి పడవలోంచి నూకాలమ్మ అనే కూలిమనిషి దిగి, ఎవర్నీ పట్టించుకోకుండా తిన్నగా బంగారరాజు దగ్గరికి వచ్చింది.

"మా ఆయన రాలేదండి. గట్టుకి కాపలా పెట్టేరు కదండీ మీరు. మీరు రమ్మంటే గాని రానన్నాడండి. ఒక్క మాట చెప్పండి బాబూ, వచ్చేత్తాడు."

బంగారరాజు గొడుగు కింద పడేసి పడవలోకి దూకాడు. అమీను ముందుకి రాబోతే కొండలరావు చెయ్యి అడ్డం పెట్టాడు. పడవ ఎర్రటి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నూకాలమ్మ ఒడ్డునే కూర్చుంది. అచ్చాయమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

పొద్దు వాలుతుండగా పడవ తిరిగొచ్చింది. దాంట్లో పడవ నడిపే సరంగు ఉన్నాడు, బంగారరాజు ఉన్నాడు. లంక ఉండాల్సిన చోట గట్టు లేదు, నేలా లేదు అన్నాడు సరంగు. పేరు పెట్టి పిలిచి పిలిచి రాజుగారి గొంతు పోయిందన్నాడు. బంగారరాజు తనంతట తానే అమీను దగ్గరికి నడిచివెళ్ళి చేతులు చాపాడు. నూకాలమ్మ ఏడవలేదు. ఏటికేసి చూస్తూనే ఉంది.

పట్టుకున్నామన్న సంతోషం తనలో ఎక్కడా లేదని ధనరాజుకి అప్పుడు తెలిసింది.

నారాయణమూర్తి ఆఫీసు గుమ్మంలోకి వచ్చాడు. "ధవళేశ్వరం వాళ్ళు అడుగుతన్నారండి, లంకవాళ్ళు వచ్చేరా అని. ఏం కొట్టమంటారు?"

కొండలరావు చెప్పాడు.

"ఒక్కరు తప్ప అందరూ వచ్చేరని కొట్టండి."