రాతి మీద చెరిగిన పేర్లు

దానయ్య వచ్చేసరికి ప్రైవేటు డిటెక్టివ్ జనార్ధనరావు తన తంజోంగ్ పగార్ ఆఫీసులో ఒక సాఫ్ట్‌వేర్ పెళ్ళికొడుకు వివరాలు టైపు చేయిస్తున్నాడు. అది రెండువేల సంవత్సరం. సింగపూరులో దిగుతున్న కంప్యూటరు కుర్రాళ్ళ మీద ఆరా తీయడంతోనే ఆయన రోజులు గడిచిపోతున్నాయి. అసిస్టెంటు నిఖిలకు ఆ పని విసుగే కానీ, ఆయన బుర్ర మీద మాత్రం గొప్ప గురి.

కుర్చీ చూపించినా దానయ్య కూర్చోలేదు.

"నన్ను పోలీసులకి అప్పజెప్పేత్తారంట బాబూ. ఈ దేశంలో పని సేసుకునే పర్మిట్టు పోద్ది. ఉలి నాదే, రాయి సెక్కింది నానే. సెక్కిన సేత్తో నానెందుకు సెరిపేత్తాను?"

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాను సైన్యం మలయాలోని ఒక రబ్బరు తోట నుంచి తెలుగు కూలీలను సయాం రైలుమార్గం పనికి పట్టుకుపోయింది. తిరిగిరాని వాళ్ళ పేర్లతో టోవా పాయోలోని తెలుగు సంఘం తన హాల్లో ఒక స్మారకశిల పెట్టింది. దానయ్య కట్టడాల పని చేసుకుంటూ, సెలవు రోజుల్లో దాన్ని ఊరికే చెక్కిపెట్టాడు. ఆవిష్కరణ ఆదివారం. శుక్రవారం పొద్దున చూస్తే రెండు పేర్లు చెరిగి ఉన్నాయి.

జనార్ధనరావు వెంటనే బయలుదేరాడు.

నల్లరాతి మీద ఎడమవైపు తెలుగులో, కుడివైపు ఇంగ్లీషులో అవే పేర్లు. ఏ భాష పేర్లు ఆ భాష అక్షరక్రమంలోనే ఉన్నాయి. తెలుగు వరుసలో అన్నిటికంటే కింద ఉన్న సింహాచలం పేరు, ఇంగ్లీషు వరుసలో అన్నిటికంటే కింద ఉన్న వీరాస్వామి పేరు ఉలి దెబ్బలకు పోయాయి. తక్కినవి చెక్కుచెదరలేదు.

"వరుసలు నేనే రాసిచ్చాను," అన్నాడు సంఘం అధ్యక్షుడు శ్యాంసుందర్. "హాలు తాళంచెవులు నా దగ్గర, ఆదివారం ఏర్పాట్లు చూస్తున్న మహీధర్ దగ్గర, ఈ దానయ్య దగ్గర ఉన్నాయి. ఇక్కడే ఉండే పనిసంచిలోని ఉలి ఇతనిది. ఇంకా చూసేదేముంది?"

రాతి పక్కనే కూర్చున్న ముసలావిడ సూరమ్మ, సింహాచలం కూతురు. జనార్ధనరావు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వీరాస్వామిగారు మీకు తెలుసా అమ్మా?"

"తోటలో కంగాణీ. కూలీలంతా ఆయన చేతికిందే. జపానువాళ్ళు వచ్చినప్పుడు వేలుపెట్టి మనుషుల్ని చూపించింది ఆయనే. మా నాన్ననీ చూపించాడు."

"ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"ఆయన మనవడికే చెప్పాను. అవ్వా, పాటీ అంటూ వచ్చి, స్పీచ్ ఇవ్వాలి, తాత గురించి చెప్పు అన్నాడు మహీధర్. ముఖం చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను."

మహీధర్ ఇక్కడే పుట్టి పెరిగాడు, ఏదో ఇంటర్నెట్ కంపెనీలో పని. నిలుచున్నచోట నిలవకుండా సెల్‌ఫోను మూత తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. నిఖిల ఆవిష్కరణ కరపత్రం ఇస్తే, తెలుగువైపు చదవకుండా తిప్పేసి ఇంగ్లీషువైపు చూశాడు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?" అని అడిగాడు జనార్ధనరావు.

"ఆఫీసే అంకుల్. సర్వర్ డౌన్, వెరీ బిజీ లా," అన్నాడు మహీధర్ సింగపూరు యాసలో.

జనార్ధనరావు అందరినీ రాతి ముందుకు పిలిచాడు.

"మహీధర్, తెలుగువైపు మీ తాతగారి పేరెక్కడుంది?"

"అదే, కింద. చెరిపేశారుగా."

శ్యాంసుందర్ నోరు తెరిచాడు. చెరిగిన చోటికి పైనే తెలుగులో వీరాస్వామి పేరు కొత్తగా మెరుస్తోంది.

"ఇద్దరి మీద పగ అనుకున్నాం. పగ ఒక్కరిమీదే," అన్నాడు జనార్ధనరావు. "ఇంగ్లీషు అక్షరాల వరుసలో వీరాస్వామిది ఆఖరు పేరు. తెలుగులో 'వ' తర్వాత 'స' వస్తుంది కనుక ఆఖరున సింహాచలం ఉన్నాడు. అటూ ఇటూ ఆఖరు పేరు ఒకరిదేనని తెలుగు రానివాడే పొరబడతాడు. దానయ్య ఆ అక్షరాలు చెక్కాడు, శ్యాంసుందర్‌గారు రాశారు. సూరమ్మగారి దగ్గర తాళంచెవే లేదు."

మహీధర్ సెల్‌ఫోను జేబులో పెట్టేశాడు.

"ఆయన పంపించిన వాళ్ళ పక్కన ఆయన పేరు ఎలా ఉంచుతాం అంకుల్? నాకు నిద్ర లేదు. తీసేద్దామనుకున్నాను, అంతే." సూరమ్మవైపు చూశాడు. "మీ నాన్నది అని తెలీదు పాటీ." తర్వాత దానయ్యవైపు తిరిగాడు. "సారీ అన్నా. చెప్పాలనుకున్నాను. భయమేసింది."

దానయ్య సంచి విప్పి ఉలి బయటికి తీశాడు.

"ఇంగ్లీషులో వీరాస్వామి పేరు మళ్ళీ ఎక్కించొద్దులే," అన్నాడు శ్యాంసుందర్.

"ఎక్కించండి," అంది సూరమ్మ. "చివరికి ఆయన్నీ పట్టుకుపోయారు. ఆయనా రాలేదు. కానీ ఏం చేశాడో చెప్పాలి. చెప్పేది నువ్వే మహీధర్."

ఆదివారం మహీధర్ ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. తర్వాత తెలుగులో, తడబడుతూ, "మా తాత వేలు చూపించాడు. వాళ్ళు పోయారు. మా తాత కూడా పోయాడు," అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అతను మాట్లాడినంతసేపూ సూరమ్మ అరచెయ్యి మళ్ళీ చెక్కిన సింహాచలం పేరు మీదే ఉంది.