ఇద్దరి కొలత

"ఆ బ్లేడు కింద పెట్టు."

వంటింటి గుమ్మంలోంచి తల్లి అన్న మాట అది. వసారాలో బండి సీటు విప్పి ఉంది. అంచుల పిన్నులన్నీ ఊడదీసి, రెక్సిన్ ఒలిచేసి, కూతురు హాక్సా బ్లేడు పట్టుకుని కూర్చుంది. మోచేతి కట్టు ఇంకా విప్పలేదు. మొన్న కూడలిలో బండి ఆపబోతే కాలు నేలకు అందక, బండితో పాటే ఒరిగిపోయింది.

"ముందు వైపు రెండంగుళాలు తగ్గించకపోతే నాకు కాలు అందదమ్మా. రేపు మామయ్య బండి అమ్మేస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటావ్?"

తల్లి సీటు పక్కన కూలబడింది. ఊళ్ళో ఎన్ని బండ్లకు సీట్లు చేశాడో గాని, సీట్ల మేస్త్రిగా పేరుపడ్డ ఆమె భర్త సొంత బండికి చేసుకున్నది ఇదొక్కటే. అదీ దుకాణంలో కాదు, ఈ వసారాలో, ఆమె కుట్టుమిషను మీద. ఆయన పోయి నాలుగేళ్ళు. ముందు భాగంలో ఆయన కూర్చున్న గుంట అలాగే ఉంది. పొద్దున్నే బండి తుడిచేటప్పుడు ఆమె చెయ్యి ఆ గుంటలో కాసేపు ఆగేది. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకునేది... కూతురికి తెలుసు.

అందుకే ఆ పిల్ల మాట మార్చింది.

"అది సరేగాని, వెనక ఇంత వెడల్పేంటమ్మా? మామయ్య దీన్ని అరుగంటాడు. అంత పేరున్న మేస్త్రి, సొంత సీటు కొలత తప్పాడా?"

తల్లికి నవ్వొచ్చింది. నవ్వు వెనకే కళ్ళు నిండాయి.

"మీ నాన్నది ఒకటే పద్ధతి. మనిషిని స్పాంజి మీద కూర్చోబెట్టి చుట్టూ సుద్దతో గీసేవాడు. నన్నూ కూర్చోమన్నాడు. నాకప్పుడు తొమ్మిదో నెల, ఒళ్ళంతా నీరు. కాన్పయ్యాక గీద్దువుగాని అంటే వింటేనా! నువ్వు పుట్టావు, నేను తగ్గాను, సీటు మిగిలింది. అందరూ నవ్వుతుంటే తలెత్తుకోలేక, కోసెయ్యమని పోరు పెట్టాను. ఆయన మాత్రం, 'కొలత తప్పలేదే, అందులో ఇద్దరున్నారు' అన్నాడు."

కూతురు బ్లేడు కింద పెట్టింది.

"వెనక ముట్టుకోనులే అమ్మా. ముందు కూడా... వద్దంటే వద్దు. బస్సులో పోతాను."

తల్లి ఆ గుంట వైపు చూసింది. మోచేతి కట్టు వైపు చూసింది. లేచి, మిషను సొరుగులోంచి సుద్దముక్క తెచ్చింది.

"కూర్చో."

సీటు బండి మీద పెట్టించి, కూతుర్ని ఎక్కించి, తొడల వెంట గీసింది. స్పాంజి పక్కవైపు, పై అంచుకు రెండంగుళాల కిందికి ఇంకో గీత గీసింది. గీత వంకర పోలేదు.

"గీత మీద కొయ్యకు, బయటికి కొయ్యి. తీసింది మళ్ళీ అతకదు. మీ నాన్న మాట."

కూతురు కోస్తుంటే తల్లి సీటు అదిమి పట్టుకుంది. గుంటతో సహా పై ముక్క పలకలా ఊడి వచ్చింది. తల్లి దాన్ని రెండు చేతులతో తీసుకుంది. కుట్టుమిషను ముందున్న స్టూలు మీద పరిచింది. దాని మీద కూర్చునే కొత్త రెక్సిన్ కుట్టింది.

మర్నాడు మామయ్య బండి తోలుకుపోదామని వచ్చేసరికి, కూతురు రెండు కాళ్ళూ నేలకు ఆనించి బండి మీద ఉంది. తల్లి వెనక ఎక్కింది.

"అదేంటక్కా, ముందు తగ్గించారు, అరుగు అలాగే ఉంచారే?"

పక్కన మిగిలిన జాగాలో కూతురి భోజనం డబ్బా పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి తల్లి అంది.

"దాని చోటు దానికుండాలి గదరా. పదవే, ఆలస్యమవుతోంది."