లాగి చూడని తీగ

"పారాచూట్ తాడు తెగడం ప్రమాదం కాదు. కుట్ర."

చీఫ్ ఫైలు మూసేశాడు. ఎదురుగా ఏజెంట్ అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆ తాడు తెగి ప్రాణం పోగొట్టుకున్న జవాను అతని సొంత తమ్ముడే. ఏడవడానికి డిపార్ట్‌మెంట్ సెలవు ఇవ్వలేదు, అసైన్‌మెంట్ ఇచ్చింది.

"ఆ తాడుకు నైలాన్ తయారుచేసే ప్లాంట్‌లో విదేశీ ముఠా మనిషి ఉన్నాడు. మీ బాబాయి అక్కడే షిఫ్ట్ ఇన్‌చార్జి కాబట్టి నిన్నెవరూ అనుమానించరు. ట్రైనీగా వెళ్లు. ఇంకో బ్యాచ్ పాడైతే జవాన్లు పిట్టల్లా రాలిపోతారు."

"బాబాయికి చెప్పనా సార్?"

"ఎవరికీ వద్దు."

అమ్మానాన్నా పోయాక అన్నదమ్ములిద్దర్నీ పెంచింది ఆ బాబాయే. పెద్దోడి ఉద్యోగం ఊడిందన్న అబద్ధాన్ని నమ్మేసి, ట్రైనీ హెల్మెట్ పట్టీ తనే బిగించాడు. చొక్కా గుండీలో ట్రాన్స్‌మిటర్ ఉందని పాపం ఆయనకేం తెలుసు!

నైలాన్ సాల్ట్ ద్రావణాన్ని ఆటోక్లేవ్ అనే భారీ ప్రెషర్ కుక్కర్లో ఉడికిస్తారు. నీరు ఆవిరై పోతుంటే అణువులు పొడుగాటి గొలుసులవుతాయి. అడుగు వాల్వ్ తెరిస్తే కరిగిన నైలాన్ తీగలుగా నీళ్లతొట్టిలోకి దిగుతుంది. కట్టర్ వాటిని చిప్స్‌గా నరికితే, అవి గొట్టంలో ఎగిరి సైలో అనే నిల్వ గాదెలో పడతాయి. ప్రతి బ్యాచ్‌లో చల్లారిన మొదటి తీగను బాబాయి వట్టి చేతుల్తో లాగి చూస్తాడు. మంచిదైతే సాగుతుంది. ల్యాబ్ రిపోర్ట్ దాకా ఆగే ఓపిక ఆయనకు ఏనాడూ లేదు.

"అబ్బ, ఎంత ఉక్కపోతో!"

ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్. ల్యాబ్ మేడమ్ వస్తే ఆపరేటర్లు గేజ్‌లు వదిలేసి ఆమెనే చూస్తారు. ముఠా జీతం తీసుకుంటూ డిపార్ట్‌మెంట్‌కు పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె.

"లోపలికంటే బయటే నయం." అతను కోడ్ పూర్తి చేశాడు.

"ఈ షిఫ్ట్‌లోనే. ఎసిటిక్ యాసిడ్ మోతాదు మించి పోస్తారు. గొలుసులు పొట్టిగా ఆగిపోతాయి, తాడు పుటుక్కుమంటుంది. రిపోర్ట్ ఓకే చేయమని నాకు ఆర్డర్. పోసేదెవరో నాకూ చెప్పలేదు. చిప్స్ సైలోలో కలిశాయంటే ఏరడం ఎవరి తరమూ కాదు."

వాల్వ్ తెరుచుకుంది. తీగలు దిగాయి. బాబాయి చేతులు మాత్రం జేబుల్లోనే ఉన్నాయి.

"లాగి చూడవా బాబాయ్?"

"బాగానే ఉందిలేరా."

ఏజెంట్ తొట్టిలో చెయ్యి పెట్టి తీగ అందుకుని లాగాడు. సాగలేదు. పుటుక్కున తెగింది.

కట్టర్ అప్పటికే తిరుగుతోంది. ఒక్క గంతులో వెళ్లి గొట్టం మీది డైవర్టర్ లీవర్ తిప్పేశాడు. సైలో అంచుదాకా వచ్చిన చిప్స్ దారి మళ్లి, గలగలమంటూ స్క్రాప్ బిన్‌లో పడ్డాయి.

మేడమ్ బాబాయి వైపు పిస్టల్ తీసింది. అతను వద్దని చెయ్యెత్తాడు.

"మొదటిసారి పాడుచేయించినప్పుడు, ఆ సరుకు చేపల వలలకన్నార్రా." బాబాయి కూలబడ్డాడు. "చిన్నోడి తాడవుతుందని తెలిస్తే ఆ యాసిడ్ నేనే తాగేవాణ్ణి."

"మరి ఇవాళ?"

"చెయ్యకపోతే ఉన్న ఒక్కడివీ పోతావన్నారు. పొయ్యడానికైతే పోశాను గానీ, ఆ తీగ ముట్టుకోవడానికి చేతులు రాలేదురా."

అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. చిన్నప్పుడు ఆ చేతులే ఇద్దరికీ తలలు దువ్వి, బడిసంచులు తగిలించాయి. వాటికే బేడీలు వేశాడు, బిగుతుగా లేవు కదా అని చూసుకుని మరీ.

బాబాయి చెప్పిన ఆనవాళ్లతో సాయంత్రానికల్లా ముఠా మొత్తం దొరికింది. చీఫ్ భుజం తట్టాడు.

"శభాష్! ఇక ఇంటికెళ్లు. మీవాళ్లు ఎదురుచూస్తుంటారు."

"ఎవరూ లేరు సార్. ఉన్న ఒక్కాయన్నీ పొద్దున మీకే హ్యాండోవర్ చేశాను కదా."