బొంతల గది ప్లాన్

"బెంజమిన్, నేనడిగింది గది ప్లానా, బాయి ప్లానా?"

స్తుతి నా కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి అడిగింది. తప్పు ఆమెది కాదు. నేను శ్రీరాంపూర్ బొగ్గుబావి సర్వే సెక్షన్‌లో పనిచేస్తాను. ఆరేళ్లుగా టేపు పట్టుకుని భూమి లోపల దారులు కొలవడమే నా ఉద్యోగం. పదికి పన్నెండు అడుగుల గదికి కూడా గాలి వచ్చే దారి, గాలి పోయే దారి బాణం గుర్తులు వేసి మరీ తెచ్చాను.

"గాలి ఆడకుంటె మనిషి పని జెయ్యలేడు," అన్నాను.

"గాలి సంగతి కిటికీ చూస్కుంటది. నడుమ గీ బల్లేంది?"

"కటింగ్ టేబుల్. ఆరడుగులు."

"మరి బొంత యాడ పరవాలె? నీ నెత్తి మీదనా?"

నిజమే. బొంత కుట్టడానికి కావలసింది బల్ల కాదు, నేల. పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా కింద పరిచి, మూలల మీద బరువులు పెట్టి, చుట్టూ కూర్చుని అంచుల నుంచి నడిమికి కుట్టుకుంటూ వస్తారు. స్తుతి వాళ్లమ్మ ఆనందమ్మ కుట్టిన బొంతల్లోనే నస్పూర్‌లో మా వాడకట్టు పిల్లలందరం పెరిగాం. అలాంటి నేను నడి గదిలో బల్ల గీసుకొచ్చాను. మంచం మీద కూర్చున్న ఆనందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పోరన్ని పరేషాన్ జెయ్యకే," అంది కూతురితో. "డ్యూటీ దిగి సీదా ఇటే వచ్చిండు. జర చాయ్ అన్న పొయ్యి."

"ప్లాన్ మంచిగ గీస్తె పోస్త."

చాయ్ వెంటనే దొరికింది. ప్లాన్ మాత్రం నాలుగుసార్లు మారింది.

ఇక్కడ ఒక మాట చెప్పెయ్యాలి. నాకు స్తుతి అంటే ప్రేమ. ఎప్పటినుంచీ అంటే తేదీ చెప్పలేను. మా చర్చి క్వయర్‌లో ఆమె రెండో వరుసలో నిలబడి పాడేది, నేను వెనక డోలక్ దగ్గర కూర్చునేవాణ్ణి. నాలుగేళ్ల కింద కరీంనగర్‌లో ఒక బొటిక్‌లో పని దొరికి ఆమె బస్సెక్కిన రోజు నేను మంచిర్యాల బస్టాండ్ దాకా పోయాను. బ్యాగు అందించాను. "పైలం" అన్నాను. జాగ్రత్త చెప్పి, అంతే, తిరిగొచ్చేశాను. ఆ ఒక్క మాట అనడానికి అంత దూరం ఎందుకు పోయినట్టు అని నాలుగేళ్లు నన్ను నేనే తిట్టుకున్నాను. రెండో వరుసలో ఆమె చోట ఇంకెవరో నిలబడి పాడుతుంటే నా తాళం తప్పేది. పాస్టర్‌గారు నాకు చెవుడు వచ్చిందేమోనని భయపడి ప్రార్థన కూడా చేశారు.

ఈ జూన్‌లో ఆనందమ్మ మోకాళ్లు మొరాయించాయి. స్తుతి లీవు పెట్టి వచ్చింది. వచ్చిన వారానికే, వాళ్ల బాపు పోయాక పాత సామానుతో నిండిపోయిన పక్క గదిని తను అవ్వ అని పిలిచే తల్లి కోసం బొంతల గది చేయాలంది. నాకు లోపల డోలక్ మోగింది. తల్లి కోసమే అన్నా, ఇంత శ్రద్ధగా గది సర్దుకునే మనిషి ఉండిపోయే మనిషే కదా అనుకున్నాను.

ఫస్ట్ షిఫ్ట్ దిగడం, మొహం కడుక్కోవడం, సుత్తి పట్టుకుని వాళ్లింటికి పోవడం. రెండు నెలలు ఇదే నా దినచర్య. ముందు చీరల మూటలు విప్పాం. నూలువి ఒక కుప్ప, పాలిస్టర్‌వి ఒక కుప్ప, మరీ చిరిగినవి ఇంకో కుప్ప.

"గిది మంచిగున్నది గదా, ఎందుకు పక్కకు పెట్టినవ్?" మెరుస్తున్న చీరొకటి చూపించి అడిగాను.

"అది పాలిస్టర్. పొరల నడుమ జారుతది. సూదిని నిలువనియ్యది. నీ లెక్కనే, పక్కనే ఉంటది గాని ఒక్క తాన నిలువదు."

"నేను నిలువనా?"

"అడుగు మరి నీ డోలక్‌ను, తాళం యాడ నిలుస్తదో."

తూర్పు కిటికీ కింద మిషిన్ పెట్టాం, వెలుతురు ఎడమ చేతివైపు నుంచి సూది మీద పడేలాగ. కటింగ్ బల్లకు మడత బందులు బిగించి గోడకు వేలాడదీశాను. పనున్నప్పుడు దించుకోవాలి, పనయ్యాక లేపేస్తే కింద ఏడడుగుల నేల ఖాళీ. ఒక చెక్కకు వరుసగా మేకులు కొట్టి దారం ఉండలు గుచ్చాం. కత్తెరకు ఒక కొక్కెం, ఇస్త్రీ పెట్టెకు ఒక ప్లగ్గు, మడతపెట్టిన చీరలకు గోడకు రెండు షెల్ఫులు.

వాన పడితే రేకుల చప్పుడుకు మాటలు వినిపించేవి కావు. అప్పుడు స్తుతి నా చెవి దగ్గరికి వచ్చి చెప్పేది. "గా మేకు ఇటియ్యి" అనే మాట అంత తియ్యగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. ఊరంతా వాన తగ్గితే బాగుండు అనుకుంటుంటే నేనొక్కణ్ణే ఇంకాసేపు పడమని వేడుకునేవాణ్ణి.

ఆగస్టు చివరి శనివారం. ఆఖరి షెల్ఫు బిగించి చెక్కపొట్టు ఊడుస్తున్నాను. వసారాలో స్తుతి ఫోన్ మాట్లాడుతోంది.

"వస్త మేడమ్. సోమవారం పొద్దుగాల బస్సుకే వస్త. పెండ్లిళ్ల సీజన్ గదా, నాకెరుకే... ఇగ మళ్ల లీవు అడుగ మేడమ్."

నా చేతిలో చీపురు ఆగిపోయింది.

"యాడికి?" అన్నాను ఆమె లోపలికి రాగానే.

"కరీంనగర్‌కు. నీకు చెప్పలేదా?"

"చెప్పలే."

"నువ్వడుగలే."

"మరి గీ గది?"

"మొదలే చెప్పిన గదా, అవ్వ కోసమని." స్తుతి దారం ఉండలు సర్దుతూ నా వైపు చూడకుండా చెప్పింది. "చేతుల పని లేకుంటె ఆమె ఒక్కతే కూసోని దిగులు పడ్తది. ఎక్కుడు, దిగుడు, వంగుడు లేకుండ అన్ని చేతికందేటట్టు పెట్టి పోదామనే గదా గీ రెండు నెల్ల పని."

"మంచిదే," అన్నాను.

మంచిర్యాల బస్టాండ్‌లో నిలబడ్డ వాడే ఇక్కడా నిలబడ్డాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు? ఇంకో నాలుగేళ్లు ఆమె లేని రెండో వరుసను చూస్తూ డోలక్ వాయించే ఓపిక నాకు లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక స్తుతి పిలిచింది. "అవ్వ ఇయ్యాల గదిల తొలి బొంత మొదలువెడ్తదట. రా."

వెళ్లాను. పని అయ్యేదాకా ఆ గదిలోకి రాని ఆనందమ్మ మొదటిసారి అందులో నిలబడి చుట్టూ చూసి మురిసిపోయింది. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. తర్వాత చీరల కోసం షెల్ఫు వైపు చెయ్యి చాపింది.

చెయ్యి అందలేదు. ఇంకా జానెడు దూరం ఉంది.

"జర మునివేళ్ల మీద నిలవడవ్వా," అంది స్తుతి.

"మోకాళ్లు మంచిగుంటె నీకెందుకు చెప్తనే?"

ఆనందమ్మ మిషిన్ ముందు కూర్చుంది. నేను పెట్టిన స్టూలు ఎత్తుకు ఆమె పాదం పెడల్‌ను తాకీ తాకకుండా గాలిలో ఊగింది. కత్తెర కొక్కెం ఆమె తల పైన ఉంది. రెండు నెలలు కొలిచి కొలిచి కట్టిన గదిలో ఒక్క వస్తువూ ఆమెకు సరిపోలేదు.

"గిదేంది బెంజమిన్?" స్తుతి గొంతులో కోపం. "అవ్వకని చెప్తె..."

అంటూనే షెల్ఫు మీదికి చెయ్యి పెట్టింది. చెయ్యి చక్కగా పై చీర మీద ఆగింది. తల్లిని లేపి స్టూలు మీద కూర్చుంది. పాదం సరిగ్గా పెడల్ మీద ఆనింది. లేచి, చూడకుండానే కొక్కెం వైపు చెయ్యి జాపింది. కత్తెర చేతికి వచ్చింది. ఆ కత్తెరతోనే నా వైపు తిరిగింది.

"నన్నెప్పుడు కొలిచినవ్?"

"కొలువలే."

టేపు పెట్టకుండా పుస్తకంలో ఒక్క అంకె రాస్తే మా సర్వేయర్ సార్ ఆ పేజీ చింపి చేతిలో పెడతాడు. ఆరేళ్లలో నేను ఒక్కసారి కూడా అలా రాయలేదు. ఈ గది గోడల్ని కూడా మూడుసార్లు కొలిచాను. షెల్ఫు దగ్గరికొచ్చేసరికి మాత్రం టేపు జేబులోంచి తీయనే లేదు. తీయలేదన్న సంగతి కూడా నాకు ఇప్పుడే తెలిసింది.

"కొలువకుంటె ఎట్ల తెలిసింది?"

"నాలుగేండ్లాయె, కండ్లు మూస్కున్నా నువ్వే కనవడ్తవ్. నిలవడితె ఎంతుంటవో, చెయ్యి లేపితె యాడిదాక పోతదో నాకెరుక. అవ్వ కోసమని నువ్వు చెప్పినవ్. నాకు వినవడ్డది గాని, మేకు కొట్టేటప్పుడు నువ్వే ఉన్నవ్ కండ్ల ముంగట. నువ్వంటె పానం స్తుతి నాకు. గంతే."

స్తుతి కళ్లు నిండాయి. కానీ మాట మాత్రం కారంగానే వచ్చింది.

"నాలుగేండ్లల ఒక్క ఫోనన్న జేసినవా?"

"ఏమని జెయ్యాలె?"

"తిన్నవా అని జెయ్యాలె! బస్టాండ్ల పైలమన్నవ్. నేను కిటికీల నుంచి మెడ నొచ్చేదాక చూసిన, ఇంకొక్క మాట అంటవేమోనని. నిన్న గూడ పోతున్ననంటె మంచిదే అన్నవ్. ఉండుమని చెప్పే మనిషే లేని ఊర్ల ఎందుకుండాలె నేను?"

ఆనందమ్మ నెమ్మదిగా, స్తుతి ముందే నేల మీద పరిచి ఉంచిన చీర దగ్గర కూలబడి పెద్ద సూదిలో దారం ఎక్కించుకుంటోంది. "నేనీడనే ఉన్న," అంది తల ఎత్తకుండా. "మోకాళ్లతోని లేచి పోలేను. వినవడనట్టు కూసుంట. మీరు కానియ్యుండ్రి."

ఈసారి బస్సు లేదు, కిటికీ లేదు, తప్పించుకునే దారి కూడా లేదు.

"ఉండు," అన్నాను. "పోకు స్తుతి. నీ కాళ్లు మొక్కుత అనమంటె అంట."

"గంత అవుసరం లేదు."

స్తుతి ఫోన్ తీసింది. నా ముందే నిలబడి మాట్లాడింది. "మేడమ్, సోమవారం రాను... అవ్వకు మంచిగనే ఉన్నది. నేనే రాను. సీజన్ పనంత ఇక్కడికే పంపుండ్రి, మాకు గదున్నది. కుట్టి బస్సు కార్గోల పంపుత..." తర్వాత చాలాసేపు అటునుంచే మాటలు. స్తుతి ఊఁ కొడుతూ వింది.

ఫోన్ పెట్టేయగానే అడిగాను. "ఏమన్నది?"

"మస్తు కోపం జేసింది. ఆలోచించి రేపు చెప్తనన్నది."

"కాదంటె?"

"కాదంటె ఇంకో పని చూస్కుంట. నేనైతె బస్సెక్క."

ఆనందమ్మ ఇంక వినబడనట్టు కూర్చోలేకపోయింది. "సరే బిడ్డా, నాకు సంబురమే. మీ ఇంట్ల పెద్దోళ్లతోని మాట్లాడు. గని నాకందని గా చెక్కల సంగతేంది?"

"రేపే ఊడదీసి కిందికి కొడ్త ఆంటీ," అని సుత్తి కోసం వెతికాను.

స్తుతి నాకన్నా ముందే సుత్తి అందుకుని కొంగు చాటున దాచేసింది.

"అవ్వకు కింద కొత్తయి కొట్టు," అంది. "పైవి ముట్టినవంటె చూడు. అవి నావి."