ఒక చెవిలో కలకత్తా

కృష్ణచైతన్య కుడి చెవిలో దూది కుక్కుకుని పెళ్లిచూపులకు వచ్చాడు.

హౌరా రేవులో లాంచీ టికెట్లిచ్చే కిటికీ పక్కన నిలబడ్డ మౌక్తిక మొదట చూసింది అతని మొహం కాదు, ఆ దూదినే.

"చెవికేటయిందండీ?"

"నొప్పి. చల్లగాలి తగలనియ్యొద్దన్నడు డాక్టరు."

"జూలైలో చల్లగాలేటండీ?"

"తగుల్తలేదు గద. అందుకే జర తక్కువైంది."

మౌక్తిక పెదవి బిగబట్టింది. నవ్వు ఆపుకుందో, మొదటి మార్కు కోసిందో కుర్రాడికి అర్థం కాలేదు.

ఆ దూది కింద చింతగింజంత ఇయర్‌ఫోనుంది. జేబులోని ఫోనులో, నిన్న రాత్రి దించుకున్న గైడుంది. ఒక్క రోజులో కలకత్తా నడిపిస్తుందట. వెంట మనిషి రానక్కర్లేదు. మనమెక్కడ నిలబడ్డామో అదే కనిపెట్టి, బెంగాలీ బాబు గొంతుతో ఇంగ్లీషులో చెవిలో చెబుతుంది. ఎడమకి తిరుగు, తలెత్తు, అదిగో ఫలానా మేడ. ఊరిని కళ్లతో చూసే ఓపిక కూడా లేని కాలమిది. చెవిలో ఎవడో ఒకడు చెబుతూ ఉండాలి.

కుర్రాడి అవసరం మాత్రం నిజమైనదే. ఈ సంబంధం తెచ్చింది వేదవతి ఆంటీ. బ్యాంకు ఆఫీసరు గారి భార్య. కలకత్తాలో పెళ్లికాని తెలుగువాడు ఏ మూల దాక్కున్నా ఆవిడకి తెలిసిపోతుంది. "సోఫాలో కూచోబెట్టి కాఫీ గ్లాసులు తిప్పితే ఏం తెలుస్తుంది? ఒక పగలంతా ఊళ్లో కలిసి నడవండి. కాళ్లు నొప్పెట్టినప్పుడే మనిషి బయటపడతాడు" అంది. ఒక షరతు కూడా చెప్పింది. పిల్ల ఈ ఊళ్లోనే, ఏక్‌బాల్‌పూర్‌లో పుట్టి పెరిగింది. కలకత్తా వదిలి రాదు. ఈ ఊరంటే ప్రాణమిచ్చే వాడైతేనే చేసుకుంటుంది.

"నీకీ ఊరెలా ఉంది బాబూ?"

"పానం ఆంటీ!" అన్నాడు కృష్ణచైతన్య, ఆవిడ చూపించిన పిల్ల ఫోటో మీంచి కళ్లు తియ్యకుండా.

రెండేళ్లుగా వాడికి తెలిసిన కలకత్తా న్యూ టౌన్‌లో ఒక ఫ్లాటు, ఒక ఆఫీసు, ఆ రెంటి మధ్యా ఏసీ క్యాబు. బిర్యానీలో ఆలుగడ్డ వేస్తారని మాత్రం తెలుసు. హైదరాబాదుకి మార్చమని మేనేజరు ప్రదీప్‌కుమార్‌ని వచ్చినప్పటి నుంచీ పీక్కుతింటున్నాడు. తీరా మొన్న ఆయన సరేనన్నాడు. పోతావో ఉంటావో ఈ సాయంత్రంలోగా చెప్పమన్నాడు. ఆ ముక్క ఆంటీకి చెప్పలేదు. ఈ పిల్లకి చెబితే లాంచీ ఎక్కకుండానే వెనక్కి తిరుగుతుంది.

ముందు పిల్లని చూద్దాం, తర్వాత ఆలోచిద్దాం అనుకుని వచ్చాడు. చూశాడు. ఆలోచన అక్కడే ఆగిపోయింది.

లాంచీ కదిలింది. మౌక్తిక వచ్చి అతని కుడి పక్కన నిలబడింది. కృష్ణచైతన్య చెయ్యి దూది మీదికి పోయింది. చెవి అటే ఉంది. మెల్లగా వెనక నుంచి తిరిగి అటు పక్కకి వెళ్లి, ఆమెని తన ఎడమకి తెచ్చుకున్నాడు. రెండు నిమిషాల్లో ఆమె, ఏదో చూస్తున్నట్టు, మళ్లీ కుడి పక్కకి వచ్చేసింది. ఇతను మళ్లీ తిరిగాడు. దూరం నుంచి చూసినవాళ్లు కోలాటం అనుకుని ఉంటారు.

"మీకు కుదురుండదేటండీ?" అంది.

"మీకుందా?"

లాంచీ వంతెన కిందికి వచ్చింది. చెవిలో బాబు గొంతు సవరించుకున్నాడు. కృష్ణచైతన్య ఛాతీ విరిచి నోరు తెరిచాడు.

"ఈ బ్రిడ్జికి ఒక్క నట్టూ బోల్టూ లేదు," అన్నారు ఇద్దరూ. ఒక్కసారే.

ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"మీకూ తెలుసేటి?" అంది ఆమె అనుమానంగా.

"తెల్వకపోవుడేంది? పానం గద ఈ ఊరంటే."

వంతెన కింద పూలబజారులో బంతిపూల మోపులు మనుషుల నెత్తిన ఎక్కి వాళ్లనే తోసుకొస్తున్నాయి. చెవిలో బాబు ఎడమ మెట్లు దిగమన్నాడు. చెప్పకుండానే మౌక్తిక ఎడమకి తిరిగింది. ముందుకెళ్లి కుడికి తిరగమన్నాడు. అప్పటికే ఆమె తిరిగేసింది. పాత గిడ్డంగి దగ్గర ఫోను సిగ్నలు పోయి బాబు నోరు మూశాడు. మౌక్తిక మాత్రం ఆపలేదు. అదెవరు కట్టారో, ఏం దాచేవారో గడగడా చెప్పుకుపోయింది.

కృష్ణచైతన్య నోరు తెరుచుకుని విన్నాడు. ఒక ఊళ్లో పుడితే గిట్ల పుట్టాలె, అనుకున్నాడు. ఆ వెంటనే హైదరాబాదు గుర్తొచ్చి, తెరిచిన నోరు మూసుకున్నాడు.

టీ బండి దగ్గర ఆగారు. బండివాడు మట్టి కప్పు అందిస్తూ, "దాదా" అంటూ పేరడిగాడు. చెప్పగానే వాడు కప్పు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు. కృష్ణచైతన్య బిత్తరపోయాడు.

"ఈ బెంగాల్లో చైతన్యుడంటే దేవుడండీ," అంది మౌక్తిక. "రెండేళ్లలో ఎవరూ దండం పెట్టలేదేటి?"

"ఆఫీసుల కె.సీ అంటరు."

బండివాడు చక్కెర చెంచా ఎత్తి ఆమె వైపు తిరిగి, "బౌదీ, చీనీ?" అన్నాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"బౌదీ అంటే?"

"అంటే... కస్టమరు."

"మరి నన్ను దాదా అన్నడు గద? నేను గూడ కస్టమర్నే."

"టీ చల్లారిపోతాది, తాగండి."

వదిన అని అర్థమని కృష్ణచైతన్యకి తెలుసు. ఆఫీసులో పెళ్లయిన వాడి భార్య ఎప్పుడొచ్చినా అదే పిలుపు. అయినా అమాయకంగా, "మంచి మాటనే ఉన్నది" అన్నాడు.

మధ్యాహ్నం పెద్ద పోస్టాఫీసు చేరేసరికి వాన దబ్బున కురిసింది. చినుకు, జల్లు అనే మర్యాదలేవీ లేకుండా బిందెతో గుమ్మరించినట్టు పడింది. పరిగెత్తి తెల్లటి స్తంభాల మధ్యకి చేరారు. మౌక్తిక తడిసిన జుట్టు పిండుకుంటూ అటు తిరిగి, కుడి చెవిలోంచి ఏదో తీసి గబుక్కున సంచీలో పడేసింది.

అంతే. సంచీ మాట్లాడింది.

"తలెత్తి చూడండి," అంది సంచీ ఇంగ్లీషులో, బెంగాలీ బాబు గొంతుతో, స్తంభాలు మార్మోగేలా. "మీ తల మీదున్న ఈ గుమ్మటం..."

అదే మాట, అదే గొంతు, రవ్వంత వెనకగా కృష్ణచైతన్య కుడి చెవిలో. వాన తప్పించుకుంటున్న గుమాస్తాలంతా తలెత్తి గుమ్మటం చూశారు. మౌక్తిక సంచీని గుండెకి అదుముకుంది. తడిసిన ఇయర్‌ఫోను ఆరిపోయి ఫోను స్పీకరెక్కిన గొంతు ఆగలేదు. పాత కోట ఎక్కడుండేదో కూడా చెప్పి గానీ ఊరుకోలేదు.

కృష్ణచైతన్యకి పొద్దుటి కోలాటం మొత్తం ఒక్కసారి అర్థమైంది. పెద్దమనిషైతే అప్పుడే తన దూది కూడా తీసేవాడు. వీడు తియ్యలేదు. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు కదా.

"ఏందండి ఇది? ఈ ఊర్ల పుట్టి, ఈ ఊర్ల పెరిగి, ఫోను చెప్తే గాని తెల్వదా?"

"నవ్వకండి."

"నేను నవ్వుతలేను. మీ సంచి చెప్పేది వింటున్న. బాగ చదువుకున్న సంచి."

మౌక్తిక స్తంభానికి ఆనుకుంది.

"మా నాన్న ఓడల డాకులో పనిచేసి దిగిపోయారు. ఆదివారమొస్తే నిద్రపోయేవారు. ఆడపిల్లని ఊరు తిప్పీవాళ్లెవరు? నాకు తెలిసిన కలకత్తా మా వీధి, బడి, నేను పాఠాలు చెప్పీ ట్యూషను సెంటరు. అంతే. మా వేదవతి ఆంటీయే, పిల్లకి ఊరంతా కొట్టినపిండి అనీసారు. పరువు పోతాదని రాత్రంతా కూచుని దీన్ని ఎక్కించుకున్నాను."

"మరి ఊరు విడిచి రానన్నరు? ఏ ఊరిని?"

"మా వీధినే అనుకోండి," అంది. గొంతులో వేళాకోళం పోయింది. "ఇక్కడ మమ్మల్ని మద్రాసీలంటారు. మా వాళ్ల పెళ్లికి విశాఖపట్నం వెళ్తే నా తెలుగు విని పిల్లలు కూడా నవ్వుతారు. తెలుగు చదవడం కూడా సరిగ్గా రాదు నాకు. నవ్వించుకోడానికి ఇంకో ఊరు ఎందుకండీ? ఇక్కడ అలవాటైపోయింది."

కృష్ణచైతన్య దగ్గర ఎగతాళి అయిపోయింది. ఏదో చెప్పబోయాడు. అంతలో ఆమే దగ్గరికొచ్చింది.

"అయ్యో, ఆ దూది చూడండి, తడిసి ముద్దయింది. నొప్పి ఎక్కువైపోతాది." ఆపేలోగా చెయ్యి చాపి లాగేసింది.

దూదితో పాటు ఇయర్‌ఫోను కూడా వచ్చింది. ఆమె అరచేతిలో కూచుని, బాబు సన్నటి గొంతుతో గుమ్మటం గురించి ఇంకా చెబుతూనే ఉన్నాడు.

మౌక్తిక దాన్ని చూసింది. అతన్ని చూసింది. మళ్లీ దాన్ని చూసింది.

"దొంగ," అంది.

"వింటరా జర..."

"పానమా? ఊరంటే పానమా? చెవినొప్పా?" అంటూ నవ్వింది. కడుపు పట్టుకుని, స్తంభానికి తల ఆనించి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. గుమాస్తాలు మళ్లీ తిరిగి చూశారు. ఆ నవ్వు ముందు కృష్ణచైతన్యకి ఒక విషయం తేలిపోయింది. ఇంక ఈ పిల్లకి ఏదీ దాచడం తన వల్ల కాదు.

"ఇంకొకటి గూడ ఉన్నది," అన్నాడు.

హైదరాబాదు సంగతి చెప్పాడు. అడిగింది తనేనని, మేనేజరు ఒప్పుకున్నాడని, సాయంత్రంలోగా జవాబు చెప్పాలని. చెబుతున్నకొద్దీ ఆమె మొహంలో నవ్వు దిగిపోయింది.

"మరి ఎందుకొచ్చారు?"

"ఫోటో చూసి."

"ఫోటో చూసి! నా షరతు తెలిసి, వెళ్లిపోయేది తెలిసి, ఊరికే చూసి పోదామని." ఇయర్‌ఫోను అతని చేతిలో పెట్టేసింది. "చూసీసారు కదా. వెళ్లండి."

వానలోకే దిగి నడిచింది. కృష్ణచైతన్య వెనకాలే పడ్డాడు. ఆమె కోపంగా కుడికి తిరిగింది, ఇంకా కోపంగా మళ్లీ కుడికి తిరిగింది, లాల్ దీఘీ చెరువు చుట్టూ రైలింగు పట్టుకున్నట్టే పోయి, ఆ కోపంలోనే వచ్చి సరిగ్గా అవే తెల్ల స్తంభాల ముందు ఆగింది.

కోపమొచ్చిన మనిషికి దారి తెలియకపోవడం కంటే అవమానం లేదు.

"బస్సు ఎక్కడాగుతాదో మీ ఫోనులో చూడండి," అంది అటు తిరిగే.

"తడిసి సచ్చిపోయింది. మీది?"

"నాదీ గుడ్డిదీపంలాగే ఉంది." ఉన్న కాస్త చార్జితో తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, పెద్ద పోస్టాఫీసు కాడున్నాను. గొడుగట్టుకుని రా."

ఇద్దరూ మెట్ల మీద కూచున్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.

"మా వరంగల్ తెలుగు విని బెజవాడ కాలేజిల నాలుగేండ్లు నవ్విండ్రు," అన్నాడు కృష్ణచైతన్య, వానతో చెబుతున్నట్టు. "హాస్టల్ల నోరు తెరువకపోయేది. ఈడికొచ్చినంక మాట్లాడుదామంటే మనిషి లేడు. అందుకే పోతనన్న. ఊరు బాగలేక కాదు. అసలు ఊరు చూస్తే గద."

"ఇప్పుడో?"

"ఇప్పుడు మనిషి దొరికింది."

మౌక్తిక తల తిప్పలేదు. మెడ మాత్రం కొంచెం ఇటు వాలింది.

"నాకోసం ఉండిపోతే, రేపు పప్పులో ఉప్పెక్కువైనా, నీవల్లనే ఈడ పడున్న అని నన్నే దెప్పుతారు."

"మీకోసం కాదు. నాకోసమే. ఈ పొద్దు మీతోని మాట్లాడినంత నేను రెండేండ్లల మాట్లాడలే. నేనెందుకు పోవాలె?" ఆగాడు. "ఒకటడుగుత. మీరు వద్దన్నా ఇది మారదు. నేనైతే ఉంటున్న. మీరు నన్ను చేసుకుంటరా?"

"ముందు ఫోన్ చెయ్యండి. తరవాత చూద్దాం."

"నా ఫోను సచ్చింది గద."

ఆమె తన ఫోను చాచింది. "తొందరగా. ఆరిపోతాది."

ప్రదీప్‌కుమార్ నంబరు కృష్ణచైతన్యకి కంఠతా వచ్చు. అంతగా పీక్కుతిన్నాడు మరి.

"సర్, నేను హైదరాబాద్ పోను."

అటు నుంచి అరుపు మౌక్తికకి కూడా వినిపించింది. "పోనా? రెండేళ్లు నా ప్రాణం తీశావు కదయ్యా! ఏమొచ్చింది ఇప్పుడు?"

"ఈడ చూడాల్సింది చాన ఉన్నది సర్."

"రెండేళ్లుగా ఏం చూశావు మరి?"

"ఏం చూడలేదు సర్. అదే చెప్తున్న."

ఫోను ఆరిపోయింది. మౌక్తిక దాన్ని తీసుకుని, తుడిచి, సంచీలో పెట్టుకుంది. తర్వాత ఆ మనిషి పట్టేంత చోటుని చూసి, మెల్లగా జరిగి, అందులో తనే కూచుంది.

"రేపట్నుంచి ఏదైనా తెలీకపోతే తెలీదని చెప్పు," అంది.

మీరు పోయి నువ్వు వచ్చిందని కృష్ణచైతన్య గమనించాడు. గమనించినట్టు పైకి కనపడకూడదని చాలా ప్రయత్నించి, పళ్లన్నీ బయటపెట్టాడు.

వాన సన్నబడే వేళకి మౌక్తిక తండ్రి దేముడు వచ్చాడు. పొట్టి మనిషి, గట్టి చేతులు. ఒక గొడుగు వేసుకుని, ఇంకొకటి చంకలో పెట్టుకుని మెట్ల కింద నిలబడి పైకి చూశాడు. తడిసి ముద్దయిన ఇద్దరు. వాళ్ల మధ్య చోటు లేదు. కూతురి మొహం చూశాడు. కుర్రాడు ఎగిరి లేచి, ఏం చెయ్యాలో తెలియక నమస్కారం పెట్టాడు.

"ఏటి బాబూ, ఊరంతా చూసీసినారేటి?"

కృష్ణచైతన్య నోరు తెరిచాడు. మౌక్తిక ముందు అందుకుంది.

"లేదు నాన్నా. ఇంకా మొదలెట్టలేదు."

దేముడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చంకలో గొడుగు తీసి కూతురికి ఇవ్వబోయి, ఆగి, కుర్రాడి చేతిలో పెట్టాడు. తన గొడుగు కింద కూతురికి చోటు చూపించలేదు.

"అలగైతే మా వీధి కాడ నుంచి మొదలెట్టండి," అన్నాడు వెనక్కి తిరిగి నడుస్తూ. "అన్నం తినీసి."